దర్వాజకు ఒకటే తోరణం

ఎర్రగట్టుగూడెం,
దేవరకొండ దగ్గర.
10 జూలై 2022, తొలి ఏకాదశి

చెల్లె సోమమ్మకు పెద్దన్న ఐలేశం ఆశీర్వదించి రాయునది.

నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. కాగితం కొని పదిహేను రోజులైంది. రోజూ తీయడం, రాస్తే మాత్రం ఆ మొండిది చదువుతుందా అనుకోవడం, మళ్ళీ బియ్యం డబ్బా మీద పెట్టడం. ఇవాళ మీ వదినె సత్తమ్మ ఆ కాగితంలో పేలపిండి పొట్లం కట్టబోయింది. లాక్కొని కూర్చున్నాను. కాబట్టి నీ మీద ప్రేమతో రాస్తున్నానని పొంగిపోకు. కాగితం మీద ప్రేమతో రాస్తున్నాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేశాను. నేను గొంతు సవరించుకునేలోపు నువ్వు పెట్టేస్తావు. ఉత్తరాన్ని చింపాలన్నా ముందు ఎవరు రాశారో చూడాలి. చూశాక చదవకుండా ఉండలేవు. నీ సంగతి నాకు తెలుసు.

నీకు తెలిసిన కథే మళ్ళీ రాస్తాను, ఎందుకంటే నా వైపు నుంచి నువ్వు ఎప్పుడూ వినలేదు. రాష్ట్రం విడిపోయిన ఏడే మా ఇల్లూ విడిపోయింది. అక్కడ పెద్దవాళ్ళు నదులు, ఉద్యోగాలు పంచుకుంటుంటే ఇక్కడ నేనూ నీ చిన్నన్న పరశురాములూ గొర్రెలు పంచుకున్నాం. నలభై గొర్రెలు మధ్యాహ్నానికల్లా తేలిపోయాయి, ఒక్క మాట రాలేదు. ఇంటికి నట్టనడుమ గోడ పెట్టుకున్నాం, దానికీ మాట రాలేదు. దర్వాజ దగ్గర ఆగింది. నాయిన చేయించిన రెండు రెక్కల టేకు దర్వాజ ఎవరి వాటా? వడ్లాయన రంపం తెచ్చాడు. దర్వాజను పైనుంచి కిందిదాకా చూసి, "దీన్ని కోస్తే నా చెయ్యి పడిపోతది. మీరే ఏమన్న చేస్కోన్రి" అని రంపం చంకన పెట్టుకొని వెళ్ళిపోయాడు. చేసేది లేక గోడను తెచ్చి గడప నడుమకు ఆనించాం. కుడి రెక్క నాది, ఎడమ రెక్క వాడిది. మా ఇళ్ళలోకి ఎవరొచ్చినా పక్కకు తిరిగి నడవాలి. లావుపాటి చుట్టాలు రావడం మానేశారు.

పండుగలొస్తే మా ముస్తాబు చూడాలి. నా సగం గోడకు నేను సున్నం వేస్తే వాడు తన సగానికి నీలం రంగు వేస్తాడు. నా అరుగుకు ఎర్రమట్టి జాజు పూస్తే వాడు డబ్బా రంగు కొడతాడు. గడపకు నా మూరెడు పసుపు నాది, వాడి మూరెడు వాడిది. బొట్లు ఇటు నాలుగు, అటు నాలుగు. గడపకు బొట్లు బేసి ఉండాలని సత్తమ్మ గొడవ. తొమ్మిదోది నట్టనడుమ పెట్టాలి, నడుమ ఎవరిది? ఎనిమిదేళ్ళ నుంచి మా గడపకు ఎనిమిదే బొట్లు. తోరణం సంగతీ అంతే. పైన నడుమ నాయిన కొట్టిన ఇనుప మొల ఒకటుంది. దానికి కట్టే హక్కు ఎవరిదో తేలక ఎవరి ముక్క వారు కట్టుకుంటాం. మధ్యలో జానెడు బోసి.

ఆరేళ్ళ కింద సద్దుల బతుకమ్మకు నువ్వు సంచి పట్టుకొని ఆటో దిగావు. నేను కుడి రెక్క తెరిచి "రా" అన్నాను. వాడు ఎడమ రెక్క తెరిచి "రా" అన్నాడు. నువ్వు ఇద్దరినీ చూసి, "నేను మనుషుల ఇంటికి వచ్చిన, రైలుపెట్టెకు కాదు" అని అదే ఆటోలో వెళ్ళిపోయావు. రైలుపెట్టెకైనా ఎక్కే తలుపు ఒకటే ఉంటుందని చెబుదామనుకున్నాను. అప్పటికే ఆటో కదిలింది.

నాకు డెబ్బై నిండాయి. ఈ ఏడు బతుకమ్మకు రా. ఇంతకంటే బాగా పిలవడం నాకు రాదు.

నీ పెద్దన్న
ఐలేశం

*

నారాయణపేట
2 ఆగస్టు

పెద్దన్నకు సోమమ్మ దండాలు.

నీ ఉత్తరం చదివిన. చింపలే. నీ లెక్క పుస్తకాల మాట నాకు రాదు. రాత్రిబడిల నేర్చుకున్న నాలుగు అచ్చరాలతోని నోటికొచ్చినట్టు రాస్తున్న. తప్పులుంటె తీసి నీ తప్పుల పక్కన పెట్టుకో.

నేను గీడ చీరలు నేసెటోళ్ళకు కండెలు చుట్టిస్త. పండుగొస్తె మా వాడకట్టుల ఆడోళ్ళందరు తల్లిగారింటికి పోతరు. నేనొక్కదాన్ని కండెల ముంగట కూసుంట. "నీకు తల్లిగారు లేరా సోమక్కా" అని అడుగుతరు. ఉన్నరు, రెండు సగాలు ఉన్నరు అని చెప్పాల్నా? ఒక ఏడు కాలు నొస్తాంది అన్న. ఒక ఏడు కోడలుకు బాగలేదన్న. గీ ఆరేండ్లల అబద్దాలు గుడ ఒడిసిపోయినయ్.

అయితె విను. దర్వాజకు ఒకటే తోరణం ఉండాలె. వాకిట్ల ఒకటే ముగ్గు ఉండాలె. గోడకు ఒకటే రంగు, గడపకు తొమ్మిది బొట్లు. నేను ఆటోలకెల్లి తల బయట పెట్టి చూస్త. గవి కనవడితె దిగుత. ముక్కలు కనవడితె అదే ఆటోల వాపస్. మల్ల నువ్వు పిలువద్దు, నేను రాను. నేను సచ్చినంక చీర తీస్కొని గుడ రావద్దు, ఇద్దరిల ఎవరు ముందు కప్పాలె అని కొట్లాడుతరు.

చిన్నన్నకు గుడ గిదే రాసిన. అచ్చరం మార్చలే.

సోమమ్మ

*

ఎర్రగట్టుగూడెం
4 సెప్టెంబరు

చెల్లె సోమమ్మకు ఆశీస్సులు.

నీ షరతులు సత్తమ్మకు చదివి వినిపించాను. "ఆమె అడిగినదాంట్ల తప్పేమున్నది?" అంది. గోడకు అటువైపు ఉప్పలమ్మ కూడా పరశురాములుతో ఇదే మాట అందట. నాకెట్లా తెలుసంటావా? సత్తమ్మా ఉప్పలమ్మా నల్లా దగ్గర, రేషన్ దుకాణం దగ్గర అన్నీ మాట్లాడుకుంటారు. ఆ గోడ మా ఇద్దరికే.

మేమిద్దరం మాట్లాడుకోకుండా బేరం కుదుర్చుకోవాలి కదా. నా నల్లమేకను అరుగు దగ్గర కట్టేసి, వాడికి వినపడేట్టు మొదలుపెట్టాను. "ఓ మేకా, వాకిట్ల ఒకటే ముగ్గు పడాల్నంట. మాకైతె ఏం అడ్డం లేదు."

అటువైపు నుంచి వాడు తన బర్రెతో, "ఇన్నవానె బర్రె, మాకు మాత్రం అడ్డమన్నమా? ముగ్గు మొగోళ్ళు ఏసేదా? ఆడోళ్ళు ఏస్కుంటరు."

ముగ్గు అట్లా ఒక్క పొద్దున తేలింది. గోడ రంగుకు వారం పట్టింది. "ఓ మేకా, సున్నం చల్లగుంటది. నీలం రంగుల ఇల్లు దవాఖాన లెక్క కొడతాంది." "ఓ బర్రె, సున్నం ముట్టుకుంటె అంగీకి అంటుతది. చుట్టాలు తెల్లగయ్యి పోతరు." చివరికి సున్నమే అని తేలింది, కానీ అందులో నీలిమందు చారెడు ఎక్కువ కలపాలి. అరుగుకు జాజు. డబ్బా రంగు వద్దు. అది గెలిచిన రోజు మేకకు ఒక కట్ట సుబాబుల్ కొమ్మలు ఎక్కువ వేశాను.

సున్నం అంటే గుర్తొచ్చింది. నా చదువంతా కిరాణా పొట్లాల మీద జరిగిందే కదా. పప్పు డబ్బాలో పోసుకొని కాగితం చదువుకునేవాణ్ణి. అందుకే నాకు చాలా కథల చివర తెలియదు, కొన్నింటి మొదలు తెలియదు. సున్నం గోడకు పట్టి ఉండాలంటే ఏం చేయాలో ఒక శనగపప్పు పొట్లంలో దొరికింది. "ఉడికిన సున్నంలో ముందుగా" అన్నదాకా ఉంది, తరువాత చిరిగిపోయింది. ముందుగా ఏం వేయాలో ముప్పై ఏళ్ళ నుంచి వెతుకుతున్నాను. ఒక ఏడు బెల్లం నీళ్ళు పోస్తే ఊళ్ళో చీమలన్నీ మా ఇంటికే పండుగకు వచ్చాయి. ఈసారి తుమ్మజిగురు వేస్తున్నాను.

ఎక్కడ ఉన్నాం? తోరణం. అది మాత్రం తేలలేదు. వాడు దేవరకొండ నుంచి ప్లాస్టిక్ మామిడాకుల దండ తెచ్చాడు. "ఒక్కసారి కొంటె పదేండ్లు. కడిగితె మల్ల కొత్తదే" అని బర్రెకు చెబుతున్నాడు. ఎనిమిదేళ్ళ నుంచి అన్నతో మాట్లాడని మనిషికి పదేళ్ళ తోరణం కావాల్సి వచ్చింది.

నువ్వు ఏ రోజు వస్తావో రాయి.

ఐలేశం

*

నారాయణపేట
16 సెప్టెంబరు

పెద్దన్నకు దండాలు.

అక్టోబరు రెండో తారీకు, ఐతారం వస్తున్న. మహబూబ్‌నగర్ల బస్సు మారి, దేవరకొండల దిగి ఆటో మాట్లాడుకుంట. దసరా చూస్కొని పోత.

సున్నం తానే ఒప్పించిన అని చిన్నన్న గుడ రాసిండు. ఇద్దరు ఒప్పించిండ్రు, ఒప్పుకున్నది మాత్రం ఎవరో తెలుస్తలేదు.

వాడకట్టు ఆడోళ్ళకు ఈసారి తల్లిగారింటికి పోతున్న అని చెప్పిన. చెప్పినంక భయమైంది. ముంగటిసారి లెక్క తిరిగొస్తె ఈళ్ళకు మొకం ఎట్ల చూపియ్యాలె? ఇగ నా ఇజ్జత్ మీ ఇద్దరి చేతుల ఉన్నది. గా చేతులు ఎసొంటియో నాకు తెలుసు.

తోరణం సంగతి తేల్చున్రి.

సోమమ్మ

*

ఎర్రగట్టుగూడెం
24 సెప్టెంబరు

చెల్లె సోమమ్మకు ఆశీస్సులు.

తేలింది. తాడు ఒకటే. నా సగం నిజం మామిడాకులు, వాడి సగం ప్లాస్టిక్. ఆటోలో నుంచి చూస్తే ఒకటే కనిపిస్తుంది. దగ్గరికొచ్చి గిల్లి చూడనని మాట ఇవ్వు.

నడిమి మొలకు మాత్రం నేనే కడతాను. వాడు తానే కడతానంటున్నాడట. ఐతారం పొద్దున ఎవరు ముందు స్టూలు ఎక్కితే వారిదే హక్కు. అందుకని స్టూలు ఇప్పటికే గడ్డివాములో దాచాను. ఇది రహస్యం, చదివి మరిచిపో.

ఇంక ఉత్తరాలు వద్దు. మనిషివే రా.

ఐలేశం

*

నారాయణపేట
7 అక్టోబరు

పెద్దన్నకు సోమమ్మ దండాలు.

నిన్న పొద్దుమీకి ఇల్లు చేరిన. కాళ్ళు ఉబ్బినయ్, మనసు నిమ్మళంగ లేదు. అందుకే రాస్తున్న.

ఆటోలకెల్లి తల బయట పెట్టి చూసిన గద. గోడంత తెల్లగ, అరుగు ఎర్రగ ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క తీరుగ ఉండె. వాకిలంత ఒకటే ముగ్గు. బొట్లు లెక్కపెట్టిన, తొమ్మిది. తోరణం చూస్తె గంపల ఉన్నది, ఎవరు కట్టలే. స్టూలు మాత్రం దర్వాజ నడుమ పెట్టి ఉన్నది, అటొకలు ఇటొకలు నిలవడ్డరు. ఇగ మొల కాడ తన్నుకుంటరు అనుకున్న. ఆటో ఆయనకు ఉండుమని చెప్పిన.

"కట్టున్రి" అన్న.

నువ్వేమంటివి? "నాకు భుజం పట్టుకున్నదే సోమమ్మా. చిన్నోణ్ణి కట్టుమను."

వాడేమనె? "నాకు కండ్లు తిరుగుతున్నయక్కా..." అన్నడు. చెల్లెను పట్టుకొని అక్కా అన్నడు, గంత పరేషాన్ల ఉండె. "ఆయన్నే కట్టుమను. పెద్దోడు కడితెనే అందం."

నువ్వు కట్టు అంటె నువ్వు కట్టు అంటిరి. గా మొల కోసం ఎనిమిదేండ్లు కొట్లాడినోళ్ళు! నాకు కండ్ల నీళ్ళొచ్చినయ్. ఆటో ఆయనను పొమ్మన్న. మీరిద్దరు ఎక్కకపోతిరి, వదినెలు వాకిట్ల బతుకమ్మకు పువ్వు పేరుస్తున్నరు. నేనే ఎక్కి కట్టిన.

ఆ నాలుగొద్దులు కడుపునిండ ఉన్న. కుడి రెక్కల తిని ఎడమ రెక్కల పన్న. కని ఒకటి నాకు అర్థం కాలే. దసరనాడు చిన్నన్న జమ్మి తెచ్చిండు, నీ చేతుల పెట్టి కాళ్ళు మొక్కుతడు అనుకున్న. ఆకు గడప మీద పెట్టి పోయిండు. నువ్వు గుడ చెయ్యి సాపలే. దీపం పెట్టుమంటె నువ్వు సత్తమ్మ వదినెను పిలిస్తివి, వాడు ఉప్పలమ్మను పిలిచె. పొట్టేలును కొయ్యమంటె ఇద్దరు పక్కకు జరిగిండ్రి. లోపల్లోపల ఇంక పగ ఉన్నదా, నా కోసం పైకి నవ్విండ్రా అని బస్సుల పొడుగంత అదే రంది.

గిట్ల మిమ్ముల అనుమానిస్తున్న గని, అసలు దొంగను నేను. గిప్పుడు నా పాపం చెప్త.

హాలియల కాటమయ్య లేడా, మన పాలోడు, వరుసకు అన్న. ముప్పై ఏండ్ల కింద సాగర్ కాల్వ కింద కవులుకు పోయి ఆడనే ఉండిపాయె. పిల్లలు లేరు. సాలమ్మ వదినె శుక్రారం ఫోన్ చేసింది. బేస్తారం మట్టి పెట్టిండ్రంట. "పదకొండో దినంనాడు నీళ్ళిడువనీకి పాలోడు ఒక్కడన్న కావాలె సోమమ్మా" అన్నది. ఏడుస్తాంది. అన్నలకు చెప్పినవా అని అడుగ నోరు రాలే. మీకు తెలిసి ఉంటె సున్నం బకెట్లు పక్కకు పెట్టి నాకు కబురు పంపుదురు గద, తెలియదు అనుకున్న.

పాలోడు పోయిండంటె పదకొండొద్దులు మైల. తోరణం కట్టద్దు, దీపం ముట్టద్దు, జమ్మి చేతుల పెట్టద్దు. ఇచ్చిన ఆడిపిల్లను, నాకు మూడొద్దులు. కని మైల సావుతోని రాదు, చెవిల వడితెనే వస్తది. మీ చెవిల పడలే, మీకు లేదు. నేను చెప్తె పడుతది. ఆరేండ్లకు పెట్టుకున్న పండుగ ఒక్క మాటతోని పోతది. నోరు మూసుకొని బస్సెక్కిన. ఐతారం నాకు మూడో దినం. ఆ చేతులతోని మీ దర్వాజకు తోరణం కట్టిన.

మీది తప్పు లేదు. తప్పు నాది. తోరణం ఇప్పి బావిల పారేయున్రి. రేపు శనారం పదకొండో దినం, ఈ ఉత్తరం అప్పటికి అందదు. అందినంకనన్న ఇద్దరు ఒక్కసారి హాలియ పోయి రాన్రి. నన్ను తిట్టున్రి, కని ఇద్దరు కలిసి తిట్టున్రి.

సోమమ్మ

*

ఎర్రగట్టుగూడెం
9 అక్టోబరు

చెల్లె సోమమ్మకు పెద్దన్న రాయునది.

నీ దగ్గర నుంచి ఉత్తరం ఏదైనా బయలుదేరి ఉంటే అది ఇంకా అందలేదు. దాంట్లో ఏముంటుందో నాకు తెలుసు. సాలమ్మ వదినె చెప్పింది. కంగారు పడకు, ముందు నాది విను.

కాటమయ్య చనిపోయిన బుధవారంనాడు నేను గొర్రెల దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది. "మరిదీ, మీ అన్న పోయిండు. రేపు పొద్దటికన్న రాన్రి, మట్టి పెట్టాలె" అంది సాలమ్మ వదినె. "వస్తున్న" అన్నాను. వస్తున్ననే అనుకున్నాను. మందను తోలుకొని ఇంటికి వచ్చేసరికి పరశురాములు కుంచె పట్టుకొని అరుగుకు జాజు పూస్తున్నాడు. వాడి అరుగు అయిపోయింది. నా అరుగుకు పూస్తున్నాడు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి వాడి కుంచె నడిమి గీత దాటింది. నేను నోరు తెరిస్తే వాడికి మైల తగులుతుంది, కుంచె ఆగిపోతుంది, నీ ఆటో తిరిగిపోతుంది. నేను మంచినీళ్ళు అడిగి తాగి, లోపలికి పోయి పడుకున్నాను. సత్తమ్మకు కూడా చెప్పలేదు.

అందుకే నాకు భుజం పట్టింది. మైలచేతితో తోరణం ముట్టకుండా, మైల లేనివాడితో కట్టిద్దామని చూశాను. వాడికి కండ్లు ఎందుకు తిరిగాయో మాత్రం నాకు అర్థం కాలేదు. జమ్మి గడప మీద పెట్టి పోతే, ఓహో కాళ్ళు మొక్కడానికి వీడికి ఇంకా మనసు రాలేదు అనుకున్నాను. చెయ్యి చాపే యోగ్యత నాకే లేదు గనక ఊరుకున్నాను.

నువ్వు వెళ్ళిపోయాక నిద్ర పట్టలేదు. నిన్న శనివారం పదకొండో దినం. గొర్రెల మందుకు దేవరకొండ పోతున్నానని సత్తమ్మకు చెప్పి బయలుదేరాను. బస్టాండులో హాలియా వైపు పోయే బస్సు ఎక్కి చూస్తే, మూడో సీటులో పరశురాములు. పక్క సీటు తప్ప ఖాళీ లేదు. బస్సులో మేకా లేదు, బర్రే లేదు. నేరుగా మాట్లాడక తప్పలేదు.

"ఏడికి?" అన్నాను.

"నువ్వేడికి?"

"గొర్ల మందుకు."

"గొర్ల మందుకు హాలియ దాక పోవాల్నా?"

"నీకేం పని మరి?"

"బర్రెను చూడనీకి. అమ్ముతరంట."

కొండమల్లేపల్లి దాటేదాకా కిటికీ వాడు చూశాడు, డ్రైవర్‌ను నేను చూశాను. ఆ తరువాత వాడే, "ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు.

"బుధారం."

"నాకు గుడ బుధారమే. జాజు కలుపుతుంటె ఫోన్ వచ్చింది."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు చెప్పినవా?"

జాజు కలిపేటప్పుడే తెలిసిందంటే, నేను ఇంటికి వచ్చి చూసినప్పటికే వీడికి తెలుసు. "తెలిసి గుడ నా అరుగుకు ఎందుకు పూసినవురా?" అని అడిగాను. "చేతులు ఊకె ఉంటలేవు" అన్నాడు.

అంటే చూడు. సత్తమ్మకూ ఉప్పలమ్మకూ తప్ప ఆ పండుగలో అందరికీ మైలే. ముట్టకూడదని తప్పించుకున్నవాళ్ళం ఇద్దరం, తప్పించుకోలేక స్టూలు ఎక్కినదానివి నువ్వు. మేం పోరాడి పోరాడి తెచ్చుకున్న ఒకటే తోరణాన్ని కట్టడానికి మన ముగ్గురిలో ఒక్క మంచి చెయ్యి లేదు. దాన్ని చూసి ఊళ్ళో ఇద్దరు ముగ్గురు, "అన్నదమ్ములంటె గట్లుండాలె" అన్నారు కూడా.

కాటమయ్య ఇల్లు కాలువకు ఈవల, వరిచేల అంచున ఉంది. రెండు గదుల రేకుల ఇల్లు. మేం పోయేసరికి సాలమ్మ వదినె బయట కూర్చుని ఉంది. "వచ్చిన్రా? కూసోన్రి" అంది. అంతే. పక్కింటాయన గురవయ్య కుర్చీలు వేశాడు. కాటమయ్యకు మట్టి పెట్టింది ఆయనే. చర్చికి పోయే మనిషి. మన పద్ధతి ఆయనకు తెలియదట. వదినె చెబుతుంటే ఒక్కొక్కటే చేశాడట. "మీరొస్తరని బేస్తారం మూడు గంటల దాక చూసినమన్నా. ఎండ ఎక్కువాయె, ఇగ పెట్టినం" అన్నాడు. అది మమ్మల్ని దెప్పడానికి కాదు, ఆలస్యమైనందుకు తానే సంజాయిషీ ఇచ్చుకుంటున్నాడు.

ఆ ఇంటి ముందు గోడ సగం తెల్లగా ఉంది, సగం పాతగా ఉంది. అడగకూడదు. నాకు నోరు ఊరుకోదు కదా, అడిగాను.

"పండుగకని సున్నం ఏస్తుండె" అంది వదినె. "బుధారం పొద్దుగాల నిచ్చెన దిగిండు. ఎండ తగిలింది, జరసేపు కూసుంట అన్నడు. గా కాడనే కూసున్నడు. చాయ్ తెచ్చి పిలిస్తె పలుకలే."

సున్నం బకెట్టు ఇంకా అక్కడే ఉంది. కుంచె దాంట్లోనే నిలబడి గట్టిపడింది. మన గోడకు నేను తుమ్మజిగురు కలిపి సున్నం వేస్తున్న రోజుల్లోనే, డెబ్బై ఐదేళ్ళ మనిషి ఒక్కడే నిచ్చెన ఎక్కి, చూడడానికి ఏ చెల్లెలూ రాని గోడకు సున్నం వేసుకుంటున్నాడు.

"పండుగ మంచిగ అయిందా?" అని అడిగింది వదినె. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎక్కడన్నా ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది. పరశురాములు తల దించుకొని, "అయింది వదినా" అన్నాడు.

"సోమమ్మ వచ్చిందా? ఆమెకు గుడ శుక్రారం చెప్పిన. పాపం, తల్లిగారింటికి రాక ఆరేండ్లాయె గద. నేనే గలీజుదాన్ని, పండుగపూట ఫోన్ చేసిన."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. స్టూలు ఎక్కి నువ్వు కట్టిన ముడి నా కళ్ళ ముందు తిరిగింది. నీ మీద కోపం రాలేదు. రావడానికి నా దగ్గర ముఖం లేదు. ఒకటి మాత్రం అడుగుతాను, మొలకు అంత గట్టి ముడి ఎందుకు వేశావు? ఇవాళ పొద్దున విప్పబోతే గోళ్ళు నొప్పి పుట్టాయి. చివరికి ఉప్పలమ్మ కొడవలి తెచ్చి కోసింది. నా సగం ఆకులు ఎండి నలిగిపోయాయి. వాడి సగాన్ని వాడు కడిగి దాచుకుంటానంటే ఉప్పలమ్మ ఒక్క చూపు చూసింది, పారేశాడు. జరిగిందంతా ఆడవాళ్ళిద్దరికీ చెప్పాం. మూడు రోజులు మాకు అన్నం బయట అరుగు మీదే పెడతారట, మైల దాచినందుకు.

కాటమయ్య సంవత్సరీకానికి ముగ్గురం పోవాలి. నువ్వు నేరుగా హాలియా రా. సాలమ్మ వదినె ఈ ఏడంతా ఆ గోడను అట్లాగే ఉంచాలంది. ఏడాది తిరిగినాక మిగతా సగం నేనూ వీడూ వేసి వస్తామని చెప్పాం. సరే అనలేదు, వద్దనీ అనలేదు.

నిన్న కాలువ గట్టున మంగలాయన కూర్చొని ఉన్నాడు. ఇద్దరిలో గుండు చేయించుకునేది ఎవరు అని అడిగాడు. ఇద్దరం అన్నాం. ముందు పెద్దోడు అన్నాడు పరశురాములు. నేను కూర్చున్నాను, తరువాత వాడు. నీళ్ళు విడిచి, వదినె పెట్టింది తిని, మూడు గంటల బస్సు ఎక్కాం. దేవరకొండ బస్టాండులో చాయ్ తాగుదామన్నాను. వాడు చక్కెర లేకుండా చెప్పాడు. నాలుగేళ్ళ నుంచి షుగరట. ఆరింటి ఆటోకు ఇంటికి వచ్చాం.

నీ పెద్దన్న
ఐలేశం